పస్తుల వేళ బాక్టీరియా

తాపీ నది కుడి ఒడ్డున, సూరత్ పాత నగరానికి ఎదురుగా విస్తరించిన అడాజన్ ప్రాంతంలో ఇళ్ళ నుంచి బయలుదేరే మురుగునీటిలో కోటానుకోట్ల ఈ. కోలై బాక్టీరియా ఉంటాయి. మనిషి పెద్దపేగులో 37 డిగ్రీల వెచ్చదనంలో, విడతలు విడతలుగా అందే ఆహారంతో బతికిన ఈ కణాలు కాలువలో పడ్డాక క్రమంగా చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కరువైన నీటికి చేరతాయి. శుద్ధి కేంద్రం దాటి నదిలో కలిసిన వాటికి ఆ కరువు రోజుల తరబడి, వారాల తరబడి సాగుతుంది. ప్రయోగశాల గాజుకుప్పెలో, పుష్టికరమైన పోషకద్రవంలో ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలే ఈ. కోలైని చూసి పాఠ్యపుస్తకాలు చెప్పే పెరుగుదల కథ, నిజానికి ఆ జీవి బతుకులో అరుదుగా వచ్చే పండుగపూట వంటిది. ప్రకృతిలో బాక్టీరియా కాలం ఎక్కువగా పస్తులతోనో అర్ధాకలితోనో గడుస్తుంది. అందువల్ల ఎంత వేగంగా పెరగగలదన్న దానితో పాటు, ఎప్పుడు, ఏ స్థితిలో పెరుగుదలను నిలుపుకోగలదన్నది కూడా దాని మనుగడను నిర్ణయిస్తుంది.

మురుగునీటి శుద్ధి చేసే ఇంజనీర్లు ఈ సంగతిని సిద్ధాంతంగా తెలుసుకోకముందే ఆచరణలో వాడుకున్నారు. సూరత్ నగరపాలక సంస్థ అంజనా, భటార్, భేసాన్, సింగణపోర్ వంటి చోట్ల శుద్ధి కేంద్రాలను నడుపుతోంది. ఇటువంటి కేంద్రాల్లో సాధారణంగా గాలి ఊదే తొట్టెలుంటాయి. వాటిలో సూక్ష్మజీవుల రాశికి అందే ఆహారాన్ని కావాలనే తక్కువగా ఉంచుతారు. ఆ తర్వాతి తొట్టెలో అడుగుకు దిగిన బురదలో కొంత భాగాన్ని మళ్ళీ వెనక్కి పంపి, తినే నోళ్ళను పెంచి, ఒక్కొక్క కణానికి దక్కే తిండిని తగ్గిస్తారు. కడుపునిండా తిన్న కణాలు విడివిడిగా తేలుతూ నీటిని మసకగా ఉంచుతాయి, అర్ధాకలితో ఉన్నవి ఒకదానికొకటి అతుక్కుని ముద్దలై కిందికి దిగుతాయి. నీరు తేటపడేది ఈ రెండో పరిస్థితిలోనే.

ఇంతకీ ఆహారం తగ్గితే పెరుగుదల ఆగడంలో వింతేముంది, ముడిసరుకు లేనప్పుడు పని ఎలాగూ ఆగుతుంది కదా అనిపించవచ్చు. పరిశోధనలు తేల్చిన విషయం వేరు: నిల్వలు పూర్తిగా అడుగంటకముందే, ఇంకా కొంతదూరం సాగే వీలుండగానే, కణం తనంతట తాను పనులను ఒక వరుసలో కట్టడి చేసుకుంటుంది. ముడిసరుకు అయిపోయేదాకా కళ్ళు మూసుకుని నడిచే కణం సగం తయారైన ప్రోటీన్లతో, సగం నకలైన డీఎన్ఏతో, పలచబడిన కవచంతో చిక్కుకుపోతుంది. కాబట్టి బాక్టీరియా ఆకలి కథలో ఆసక్తికరమైన ప్రశ్న అది ఎందుకు ఆగుతుందన్నది కాదు; దేన్ని ముందు ఆపుతుంది, దేన్ని పూర్తికానిస్తుంది, ఆ కబురు కణమంతా ఎలా పాకుతుంది అన్నవే.

ఈ శాస్త్రానికి పునాది 1958లో కోపెన్‌హాగెన్‌లో పడింది. ఓలే మాలే, మొసేలియో షెక్టర్, నీల్స్ ఓలే కెల్గార్ అనే ముగ్గురు సాల్మొనెల్లా బాక్టీరియాను రకరకాల పోషకద్రవాల్లో పెంచి, ఒక్కొక్క కణం బరువు, అందులోని ఆర్ఎన్ఏ, డీఎన్ఏ పరిమాణాలు అది ఏ పదార్థాన్ని తింటోందన్న దానిమీద కాక ఎంత వేగంగా పెరుగుతోందన్న దానిమీద ఆధారపడతాయని చూపారు. వేగంగా పెరిగే కణం పెద్దదిగా, ఆర్ఎన్ఏతో నిండి ఉంటుంది. నెమ్మదిగా పెరిగేది చిన్నదిగా ఉంటుంది. ఆ ఆర్ఎన్ఏలో సింహభాగం రైబోజోములలోనిది. జన్యు సందేశాన్ని చదివి అమైనో ఆమ్లాలను దండలా గుచ్చి ప్రోటీన్లను తయారుచేసే ఈ నిర్మాణాలు 24 నిమిషాలకు రెట్టింపయ్యే ఈ. కోలై కణంలో సుమారు 70 వేలు ఉండగా, 100 నిమిషాలకు రెట్టింపయ్యే కణంలో ఏడు వేలకు కాస్త అటూఇటూగా ఉంటాయి. రైబోజోమ్ తయారీ బాక్టీరియాకు అన్నిటికన్నా ఖరీదైన పెట్టుబడి. తిండి తగ్గిందని తెలిసిన మరుక్షణం కణం చేయవలసిన మొదటి పొదుపు అక్కడే ఉంటుంది. మిగిలిన కట్టడులు దాదాపు అన్నీ దానికి అనుబంధంగా వస్తాయి.

రెండో పెద్ద వ్యవహారం డీఎన్ఏ నకలు, అంటే ప్రతికృతి. ఈ. కోలై క్రోమోజోమ్ సుమారు 46 లక్షల అక్షరజంటలున్న ఒకే వలయం. ఆ వలయంలో ‘ఓరి-సి’ అనే ఒక నియమిత స్థానంలో రెండు పోగులు విడివడి, అక్కడి నుంచి రెండు నకలు యంత్రాలు చెరోవైపు బయలుదేరి, సెకనుకు దాదాపు వెయ్యి అక్షరాల చొప్పున రాసుకుంటూ వలయానికి అవతలి కొసన కలుసుకుంటాయి. దీనికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. నకలు ముగిశాక కణం రెండుగా విడిపోవడానికి మరో 20 నిమిషాలు కావాలి. ఈ లెక్కన గంటకు తక్కువగా ఏ కణమూ విభజన చెందకూడదు, కానీ మంచి తిండి దొరికినప్పుడు ఇరవై నిమిషాలకే చెందుతోంది. ఈ చిక్కుముడిని 1968లో స్టీఫెన్ కూపర్, ఛార్లెస్ హెల్మ్‌స్టెటర్ విప్పారు. మొదటి నకలు పూర్తికాకముందే రెండోది, అది సగంలో ఉండగానే మూడోది మొదలవుతాయని, అందువల్ల అప్పుడే పుట్టిన కణంలో దాని కూతుళ్ళ కోసమే కాక మనవరాళ్ళ కోసం కూడా డీఎన్ఏ నకలు నడుస్తూ ఉంటుందని వారు చూపారు. అదే సంవత్సరం విలియం డొనాచీ ఆ లెక్కలను మాలే బృందం కొలతలతో కలిపి చూసి, ఒక్కొక్క ఆరంభస్థానానికి ఇంత అని నిర్ణీతమైన కణద్రవ్యరాశి కూడినప్పుడే కొత్త నకలు మొదలవుతుందని నిర్ధారించాడు. నకలు వేగం తిండితో పెద్దగా మారదు. మారేది ఎన్నిసార్లు మొదలుపెట్టాలన్న నిర్ణయం. కరువు ప్రభావాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం తాళంచెవి.

ఆరంభాన్ని నిర్ణయించే ప్రోటీన్ పేరు డీఎన్ఏ-ఏ. అది ఏటీపీ అనే శక్తి అణువును పట్టుకుని ఉన్నప్పుడే చురుకైనది. అటువంటి అణువులు తగినన్ని చేరి ఓరి-సి మీద గుమికూడినప్పుడు, అడినిన్, థైమిన్ అక్షరాలు ఎక్కువగా ఉండి సులువుగా విడిపోయే ఒక భాగంలో డీఎన్ఏ పోగులు తెరుచుకుంటాయి. ఆ సందులోకి పోగులను విప్పే హెలికేజ్ ఎంజైమ్ ఎక్కుతుంది. మొదలుపెట్టిన వెంటనే మళ్ళీ మొదలుకాకుండా కణం కాపలాలు పెట్టుకుంది: కొత్తగా నకలైన ఆరంభస్థానాన్ని సెక్-ఏ అనే ప్రోటీన్ కాసేపు కప్పి ఉంచుతుంది, కదులుతున్న నకలు యంత్రమే హెచ్‌డీఏ అనే తోడు ప్రోటీన్ సాయంతో డీఎన్ఏ-ఏ పట్టుకున్న ఏటీపీని విరిచి దాన్ని మందకొడిగా చేస్తుంది. ఇన్ని కాపలాలున్నా ఇవి తిండి బాగా ఉన్నప్పుడు క్రమం తప్పకుండా చూసేవి మాత్రమే. కరువు వార్త వేరే దారిన వస్తుంది.

ఆ దారి ఉందన్న తొలి సూచన 1961లోనే కనిపించింది. మాలే, ఫిలిప్ హానవాల్ట్ కలిసి ఈ. కోలైకి అమైనో ఆమ్లాల సరఫరా ఆపివేస్తే, అప్పటికే నడుస్తున్న నకళ్ళు చివరిదాకా సాగి ముగుస్తాయని, కొత్తవి మాత్రం మొదలుకావని చూశారు. ఆకలిగొన్న కణాల్లో సగం క్రోమోజోములు ఉండవు. ఒకటి, రెండు, నాలుగు అంటూ పూర్తి సంఖ్యలే ఉంటాయి. తర్వాతి కాలంలో ఒక్కొక్క కణం డీఎన్ఏని కాంతితో కొలిచే ఫ్లో సైటోమెట్రీ వచ్చాక ఈ పూర్తి సంఖ్యలు గీతల్లో విడివిడి శిఖరాలుగా స్పష్టంగా దర్శనమిచ్చాయి.

అదే 1961లో గుంథర్ స్టెంట్, సిడ్నీ బ్రెన్నర్ మరో కొసను పట్టుకున్నారు. మామూలు ఈ. కోలై అమైనో ఆమ్లం కరువైన వెంటనే రైబోజోమ్ ఆర్ఎన్ఏ తయారీని ఆపేస్తుంది. ఒక జన్యువు చెడిన రకం మాత్రం, చేతిలో సరుకు లేకపోయినా, ఆర్ఎన్ఏని యథాప్రకారం తయారు చేస్తూనే పోతుంది. ఆ జన్యువుకు తర్వాత రెల్-ఏ అని పేరు స్థిరపడింది. 1969లో మైకేల్ క్యాషెల్, జోనథన్ గాలంట్ ఆకలితో ఉన్న కణాల సారాన్ని రేడియోధార్మిక భాస్వరంతో గుర్తించి పలకమీద విడదీసినప్పుడు, కడుపునిండిన కణాల్లో కనిపించని రెండు చుక్కలు కనిపించాయి. వాటిని వారు ‘మ్యాజిక్ స్పాట్లు’ అన్నారు. శాస్త్రపత్రాల్లో ఇంత చిలిపి పేరు నిలిచిపోవడం అరుదే. ఆ చుక్కల్లో ఉన్నది గ్వానోసిన్ అణువుకు రెండువైపులా భాస్వర సమూహాలు జోడించగా వచ్చిన పీపీజీపీపీ, దాని పెద్దన్న పీపీపీజీపీపీ.

ఈ అణువు పుట్టే తీరు చూస్తే కణానికి ఆకలి ఎక్కడ తెలుస్తుందో అర్థమవుతుంది. అమైనో ఆమ్లాలను రైబోజోమ్ దగ్గరికి మోసుకొచ్చేవి బదిలీ ఆర్ఎన్ఏ అణువులు. తిండి ఉన్నప్పుడు ప్రతి ఒక్కటీ తన సరుకుతో వస్తుంది. ఏదైనా ఒక అమైనో ఆమ్లం కరువైతే దాన్ని మోయవలసిన అణువు ఉత్త చేతులతో రైబోజోమ్‌లోకి ప్రవేశిస్తుంది. అక్కడే కాచుకుని ఉండే రెల్-ఏ ప్రోటీన్ ఈ ఖాళీ రాకను పసిగట్టి, ఏటీపీ నుంచి రెండు భాస్వర సమూహాలను తీసి జీటీపీకో జీడీపీకో తగిలిస్తుంది. కణంలో పీపీజీపీపీ నిమిషాల వ్యవధిలోనే పదుల రెట్లు పెరుగుతుంది. స్పాట్ అనే మరో ఎంజైమ్ దాన్ని విరిచి మామూలు స్థితికి తెస్తుంది, అవసరమైతే తానూ కొంత తయారుచేస్తుంది. చక్కెర, భాస్వరం, ఇనుము, కొవ్వు ఆమ్లాలు తగ్గిన కబుర్లు ప్రధానంగా ఈ స్పాట్ ద్వారానే చేరతాయి. ఈ మొత్తం సర్దుబాటును శాస్త్రజ్ఞులు స్ట్రింజెంట్ ప్రతిస్పందన అంటారు.

పీపీజీపీపీ ఎక్కడ అతుక్కుని ఈ పని చేస్తుందన్న ప్రశ్నకు సమాధానం వెదికినవారిలో హైదరాబాద్ శాస్త్రజ్ఞులు ముందువరుసలో ఉన్నారు. ఉప్పల్ రోడ్డులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం అంటే సీసీఎంబీలో దీపాంకర్ ఛటర్జీ బృందం 1995లో, డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏని రాసే ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ఎంజైమ్‌కే పీపీజీపీపీ నేరుగా అతుక్కుంటుందన్న ఆధారాలను ప్రచురించింది. ఆ స్థానం రిఫాంపిసిన్ మందు అతుక్కునే చోటికి ఎంత సామీప్యంలో ఉందో కూడా ఆ పత్రం అంచనా వేసింది. క్షయ చికిత్సలో ఈ మందు ముఖ్యమైనది కనుక ఆ పోలికకు సొంత ఆసక్తి ఉంది. 1998లో ఛటర్జీ జపాన్ శాస్త్రజ్ఞులతో కలిసి ఆ స్థానం ఎంజైమ్‌లోని బీటా భాగంలో ఉందని ప్రతిపాదించాడు. 2013లో వెలువడిన స్ఫటిక నిర్మాణాలు దాన్ని బీటా-ప్రైమ్, ఒమెగా అనే భాగాల కూడలికి మార్చాయి. ఆ తర్వాత డీకేఎస్-ఏ అనే సహాయ ప్రోటీన్ కలిసినచోట ఏర్పడే రెండో స్థానం కూడా తెలిసింది. గురి ఎంజైమ్ అన్న మూలవాదం నిలిచింది, అతుక్కునే చోటు మాత్రం సవరణకు లోనైంది. జీవరసాయనంలో విజయాలు తరచు ఇలాగే ఉంటాయి. పీపీజీపీపీ అతుక్కున్న ఎంజైమ్ రైబోజోమ్ ఆర్ఎన్ఏ జన్యువుల దగ్గర నిలదొక్కుకోలేక జారిపోతుంది, అదే సమయంలో అమైనో ఆమ్లాలను తయారుచేసే జన్యువులు కొన్ని చురుకెక్కుతాయి. హైదరాబాద్‌లోనే డీఎన్ఏ ముద్రణ, నిర్ధారణ కేంద్రం, అంటే సీడీఎఫ్‌డీలో ఆర్. హరినారాయణన్ బృందం పీపీజీపీపీ, పీపీపీజీపీపీల మీద జన్యు ప్రయోగాలు చేస్తూ వచ్చింది.

మరి ఆర్ఎన్ఏ రాతను ఆపే అణువు డీఎన్ఏ నకలును ఎలా ఆపుతుంది? ఈ. కోలైలో డీఎన్ఏ-ఏ కొత్తగా తయారుకావడం తగ్గుతుందన్నది సహజంగా తోచే సమాధానం. అది కొంతవరకే నిజం. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మైకేల్ లాబ్ బృందం 2019లో ప్రచురించిన పని మరింత సూక్ష్మమైన మార్గాన్ని చూపింది. ఓరి-సి పక్కన జన్యువులను చదువుతూ ఆర్ఎన్ఏ పాలిమరేజ్ ముందుకు సాగినప్పుడు దాని వెనుక డీఎన్ఏ పురి సడలుతుంది. ఆ సడలింపు ఉంటేనే డీఎన్ఏ-ఏ పోగులను తేలిగ్గా విడదీయగలదు. పీపీజీపీపీ ఆ చుట్టుపక్కల రాతను ఆపగానే సడలింపు తగ్గుతుంది, ఆరంభస్థానం బిగుసుకుంటుంది, డీఎన్ఏ-ఏ ఉన్నా పోగులు తెరుచుకోవు. ఒక చిన్న అణువు తాను ముట్టుకోని ప్రక్రియను, దాని పరిసరాలను మార్చడం ద్వారా అదుపు చేసే ఈ తీరు ఈ రంగం మొత్తంలో అన్నిటికన్నా సొగసైన విషయమనడానికి సంకోచించనక్కరలేదు.

అయితే ఈ. కోలై పద్ధతే బాక్టీరియా లోకమంతటా ఉందనుకుంటే పొరపాటు. నేలలో బతికే బాసిల్లస్ సబ్‌టిలిస్ నకలును మొదలుపెట్టకపోవడంతో సరిపెట్టదు; నడుస్తున్న నకలును మధ్యలోనే ఆపుతుంది. 2007లో జూ వాంగ్, అలన్ గ్రాస్‌మన్, గ్లెన్ సాండర్స్ చూపినదాని ప్రకారం, ఆకలి వేసిన బాసిల్లస్‌లో నకలు యంత్రాలు క్రోమోజోమ్‌లో ఎక్కడున్నవి అక్కడే నిలిచిపోతాయి, ఎందుకంటే పీపీజీపీపీ, పీపీపీజీపీపీలు ప్రైమేజ్ అనే ఎంజైమ్‌ను నేరుగా అడ్డుకుంటాయి. ప్రైమేజ్ పని ఏమిటంటే, నకలు యంత్రం కొత్త ముక్కను మొదలుపెట్టడానికి కావలసిన చిన్న ఆర్ఎన్ఏ పునాదిని వేయడం; అది లేనిదే వెనుకపోగు సాగదు. సూరత్‌లో స్థిరపడిన తెలంగాణ నేతపనివారి మాటల్లో చెప్పాలంటే ఈ. కోలై మగ్గంమీదున్న బట్టను నేసి దించుతుంది గానీ కొత్త పడుగు ఎక్కించదు, బాసిల్లస్ నూలు తగ్గిందనగానే నేత మధ్యలోనే పలకను ఆపి పోగు తెగకుండా కాపాడుకుంటుంది. రెండో పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. కానీ ఆగిన యంత్రాలు కూలిపోలేదనడానికి, డీఎన్ఏ తెగినప్పుడు పరుగెత్తుకొచ్చే రెక్-ఏ ప్రోటీన్ ఆ చోట్లకు చేరలేదన్నది సాక్ష్యం. తిండి తిరిగి దొరికినప్పుడు ఆగినచోటి నుంచే పని సాగుతుంది. ఈ. కోలైలో కూడా పీపీజీపీపీ మోతాదు బాగా పెరిగితే నకలు వేగం తగ్గుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది కనుక, ఈ తేడా పూర్తిగా జాతుల మధ్య గోడ కాదు, కొంతవరకు మోతాదు వ్యవహారం.

నకలు సాగుతూ ఉండగా ఆర్ఎన్ఏ రాత ఆగితే ఇంకో చిక్కు వస్తుంది. రెండు యంత్రాలూ ఒకే డీఎన్ఏ దారిమీద నడుస్తాయి; ఆకలివేళ ప్రోటీన్ తయారీ కుంటుపడినప్పుడు ఆర్ఎన్ఏ పాలిమరేజ్‌లు దారిలో నిలిచిపోతాయి, వెనకనుంచో ఎదురుగానో వచ్చే నకలు యంత్రం వాటికి గుద్దుకుంటుంది. డీకేఎస్-ఏ ఈ ఢీలను తగ్గిస్తుందని 2010లో వెలువడిన పరిశోధన చూపింది. అది లేని కణాల్లో ఆకలి సమయంలో నకలు దారి పొడవునా అడ్డంకులు పెరిగాయి. ఇదే కూడలిలో మరో ప్రమాదాన్ని హైదరాబాద్ శాస్త్రజ్ఞుడు జె. గౌరీశంకర్ తన సహచరులతో చాలాకాలం పరిశీలించాడు. ఆర్ఎన్ఏ రాత వెంటే రైబోజోమ్‌లు నడవనప్పుడు, కొత్తగా రాసిన ఆర్ఎన్ఏ మళ్ళీ డీఎన్ఏకే అతుక్కుని ‘ఆర్-లూప్’ అనే మెలిక పడుతుంది. 2004లో ఆయన, హరినారాయణన్ కలిసి రాసిన సిద్ధాంతపత్రం బాక్టీరియాలో రాత, ప్రోటీన్ తయారీ ఒకదాని వెంట ఒకటిగా ఎందుకు జరగాలో ఈ మెలికల ప్రమాదంతోనే వివరించింది. ఆకలి ఈ జోడును విడదీసే పరిస్థితి కాబట్టి, హైదరాబాద్‌లో నడిచిన ఈ ఆలోచన స్ట్రింజెంట్ ప్రతిస్పందనకు నేరుగా తగులుతుంది.

చెరువులు, నదుల మంచినీటిలో పేదరికంలోనే పుట్టి పెరిగే కౌలోబాక్టర్ మరో దారి పట్టింది. ఆ జీవిలో తిండి తగ్గినప్పుడు డీఎన్ఏ-ఏ కొత్తగా తయారుకావడం మందగిస్తుంది, ఉన్నదాన్ని లోన్ అనే ప్రోటియేజ్ ఎప్పటిలాగే విరుస్తూ ఉంటుంది. తయారీకి, విరుపుకు మధ్య తూకం తప్పగానే నకలు ఆరంభం దానంతట అదే ఆగుతుంది. 2015లో ప్రచురితమైన ఈ ఫలితంలో గమనించదగ్గది, ఆపడానికి ప్రత్యేక సైగ ఏమీ అవసరం పడకపోవడం: నిత్యం తయారై నిత్యం నశించే ప్రోటీన్‌ను ఆరంభకారిగా పెట్టుకుంటే, తిండి తగ్గడమే సైగ అవుతుంది.

కణం పెరుగుదలలో డీఎన్ఏతో పాటు కవచం కూడా పెరగాలి. బాక్టీరియాను చుట్టి ఉండే పెప్టిడోగ్లైకాన్ వల గట్టిగా అల్లుకుని ఉంటుంది. కొత్త దారాలు చేర్చాలంటే పాత ముడులను జాగ్రత్తగా కోయాలి. కోసే ఎంజైమ్‌లు ఎక్కువైతే కణం పగులుతుంది, తక్కువైతే పెరగదు. ఈ ముడులను విప్పే ఎంజైమ్‌లను సీసీఎంబీలో మంజుల రెడ్డి బృందం 2012లో గుర్తించింది. వాటిలో ఒకటైన మెప్-ఎస్‌ను ఎన్ఎల్‌పీ-ఐ, పీఆర్‌సీ అనే రెండు ప్రోటీన్ల జంట వేగంగా విరిచి అదుపులో ఉంచుతుందని 2015లో చూపింది. ఈ కృషికి ఆమెకు 2019లో జీవశాస్త్రాల ఇన్ఫోసిస్ బహుమతి లభించింది. కోత, విరుపు అనే ఈ తూకం కౌలోబాక్టర్ డీఎన్ఏ-ఏ కథతో పోల్చదగినది. పెరుగుదల పరికరాలను శాశ్వతంగా ఉంచుకోక, ఎప్పటికప్పుడు తయారుచేసుకుని నశింపజేసే అలవాటు బాక్టీరియాలో విస్తృతంగా కనిపిస్తుంది.

ఆకలి గంటలు దాటి రోజులకు చేరితే కణం మరో రూపం దాలుస్తుంది. ఆర్‌పీఓ-ఎస్ అనే నిర్దేశక ప్రోటీన్ పైచేయి సాధించి వందలాది రక్షణ జన్యువులను మేల్కొలుపుతుంది. డీపీఎస్ అనే ప్రోటీన్ డీఎన్ఏని గట్టిగా చుట్టి, ఇనుమును బంధించి, ఆక్సీకరణ వల్ల కలిగే దెబ్బల నుంచి కాపాడుతుంది. దాన్ని 1992లో రాబర్టో కోల్టర్ ప్రయోగశాలలో కనుగొన్నారు, పేరులోనే ఆకలిగొన్న కణాల డీఎన్ఏ రక్షణ ఉంది. ఉన్న రైబోజోములు రెండేసి జతగా అతుక్కుని నిద్రాణంగా ఉండిపోతాయి, దీనివల్ల వాటిని తినేసే ఎంజైమ్‌లకు అవి చిక్కవు. మందుల విషయంలో ఈ స్థితికి పెద్ద అర్థముంది: పెన్సిలిన్ వంటి మందులు పెరుగుతున్న కవచం మీద పనిచేస్తాయి, పెరగని కణాన్ని వదిలేస్తాయి. క్షయ బాక్టీరియాలో పీపీజీపీపీ తయారుచేసే రెల్ జన్యువు లేకపోతే అది ఎలుకల్లో దీర్ఘకాలం నిలవలేదని 2003లో తేలింది. బెంగళూరుకు మారిన ఛటర్జీ బృందం దాని దగ్గరి బంధువైన మైకోబాక్టీరియం స్మెగ్‌మాటిస్‌లో ఈ అణువును విస్తృతంగా అధ్యయనం చేసింది.

అడాజన్‌కు బాక్టీరియా ఆకలి గురించిన ఈ విద్య అవసరమైన సందర్భం 2006 ఆగస్టులో వచ్చింది. తాపీ పరీవాహక ప్రాంతంలో భారీ వర్షాల వల్ల, దాదాపు 100 కిలోమీటర్ల ఎగువనున్న ఉకై జలాశయం నుంచి పెద్దఎత్తున నీరు వదలవలసి వచ్చింది. అడాజన్, రాందేర్‌లతో సహా నగరంలో ఎక్కువ భాగం నీట మునిగింది. 1994లో వచ్చిన ప్లేగు తర్వాత, మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు హయాంలో చెత్త తొలగింపును కట్టుదిట్టం చేసుకుని పేరు తెచ్చుకున్న నగరానికి, నీరు తగ్గాక లెప్టోస్పైరోసిస్ మరో పరీక్ష పెట్టింది. ఈ వ్యాధికారకమైన లెప్టోస్పైరా ఎలుకల మూత్రపిండాల్లో నివసించి, మూత్రంతో బయటికొచ్చి, నిలిచిన నీటిలో, తడినేలలో వారాల తరబడి బతికి, గాయపడిన చర్మం ద్వారానో కళ్ళు, నోటి పొరల ద్వారానో మనిషిలో ప్రవేశిస్తుంది. దక్షిణ గుజరాత్ వరిపొలాల్లో అప్పటికే ఏటా కనిపించే ఈ జబ్బు వరద తర్వాత నగర వీధుల్లోనూ కనిపించగా, సూరత్ వైద్యులు ఆ సంవత్సరపు రోగులను పరిశీలించి నగరవాసుల్లో దీనికి దారితీసిన కారణాలను 2008లో ప్రచురించారు.

ఈ. కోలైకి చక్కెరలు ప్రధానమైన తిండి కాగా లెప్టోస్పైరా పొడవైన కొవ్వు ఆమ్లాల మీద బతుకుతుంది, ఎంత వేగంగా పెరిగినా రెట్టింపు కావడానికి కొన్ని గంటలు తీసుకుంటుంది. తిండిలేని నీటిలో ఇది ముద్దలుగా చేరి మనగలుగుతుందని 2004లో ఒక పరిశోధన చూపింది. దీనికన్నా ఆసక్తికరమైనది దాని చుట్టాల మధ్య తేడా. లెప్టోస్పైరా ఇంటరోగాన్స్ నీటిలోనూ జంతువులోనూ బతకగలదు. లెప్టోస్పైరా బోర్గ్‌పీటర్సెనీ అనే మరో జాతి జన్యురాశిని 2006లో చదివినప్పుడు, అది ఇంటరోగాన్స్ కన్నా ఏడు లక్షల అక్షరజంటల మేర చిన్నదని, తగ్గిన వాటిలో బయటి వాతావరణాన్ని పసిగట్టి పోషకాలను తెచ్చుకునే జన్యువులు ఎక్కువని తేలింది. ఆ జాతి ఎక్కువగా జంతువు నుంచి జంతువుకు నేరుగా సోకుతుంది. నీటిలో పస్తులుండవలసిన అవసరం తప్పిన జీవి పస్తులకు కావలసిన జన్యువులను క్రమంగా కోల్పోయిందన్నమాట. ఆ నేర్పు కూడా ఖర్చుతో కూడినదేనని, వాడనిచోట నిలవదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

వరద తర్వాత కుళాయి నీటిని పరీక్షించేటప్పుడు మరో ఇబ్బంది ఉంది. నీటి భద్రతకు ఆధారంగా లెక్కించే కోలిఫాం బాక్టీరియా, ఈ. కోలై సహా, ఆకలితోనూ క్లోరిన్‌తోనూ బలహీనపడినప్పుడు కొన్ని జీవులనే పెరగనిచ్చే పరీక్షమాధ్యమంపై వెంటనే పెరగకుండా ఉండిపోవచ్చు. పిత్తలవణాలతో, అధిక ఉష్ణోగ్రతతో ఇతర జీవులను ఆపడానికి కూర్చిన ఆ మాధ్యమం, గాయపడిన కోలిఫాంలను కూడా ఆపుతుంది. ఫలకంమీద మచ్చలు రాలేదని నీరు శుభ్రమన్న భ్రమ కలుగుతుంది. అందుకే కొన్ని ప్రామాణిక పద్ధతుల్లో వడపోత పొరను మొదటి నాలుగు గంటలు 30 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాతే 44 డిగ్రీలకు మారుస్తారు. ఆ గంటల్లో పీపీజీపీపీ విరిగి తగ్గుతుంది, జతగా నిద్రించిన రైబోజోములు విడివడతాయి, కొత్త రైబోజోముల తయారీ మొదలవుతుంది, కవచం ముడులు మళ్ళీ విప్పబడతాయి, తగినంత ద్రవ్యరాశి కూడినాక డీఎన్ఏ-ఏ ఓరి-సి మీద గుమికూడి పోగులను తెరుస్తుంది. అప్పటికి గానీ, పొరమీద ఒక్కొక్క కణం ఒక మచ్చగా లెక్కకొచ్చే స్థితికి చేరదు.